పుట్టింది పోర్ట్‌బ్లెయిర్‌లోనే, అయినా లోకల్ కాదు

సెల్యులర్ జైలు గురించి చాలామంది రాశారు. నేను జంగ్లీఘాట్ నుంచి అక్కడికి వెళ్లిన ఆటో గురించి రాస్తాను. రెండొందలు అన్నాడు. ఇంత చిన్న దూరానికా అని తెలుగులో విసుక్కున్నాను. "మనోళ్లా? నూటయాభై ఇవ్వండి" అన్నాడు డ్రైవర్. అద్దం కింద సింహాచలం అప్పన్న ఫొటో ఉంది.

"మా నాన్నది సోంపేట. నేనిక్కడే పుట్టానండి."

"అయితే లోకలే కదా" అన్నాను.

"అబ్బే, లోకల్ అంటే వేరేనండి" అన్నాడు, బండి స్లో చేసి మరీ.

1858 నుంచి బ్రిటిష్ వాళ్లు ఖైదీల్ని ఈ దీవులకి పంపారు. కొన్నేళ్లు బుద్ధిగా ఉన్నవాళ్లని బయట బతకనిచ్చారు. వాళ్లలో కొందరు ఆడఖైదీల్ని పెళ్లి చేసుకున్నారు. పంజాబీ, బెంగాలీ అని లేదు, కులం పట్టింపూ చాలావరకు పోయింది. ఇంట్లో హిందుస్తానీయే భాష అయ్యింది. వాళ్ల పిల్లలే "లోకల్ బార్న్". 1942 మార్చిలో జపాన్ సైన్యం దిగింది. అంతకుముందు నుంచీ ఉన్న కుటుంబాల్ని "ప్రీ-42" అంటారు. ఓబీసీ జాబితాలోనూ ఆ పేరుంది.

"మా ఫ్రెండుకి ఆ సర్టిఫికెట్ ఉందండి. నాకెక్కడిది? నాన్న ఎనభైల్లో చేపలపనికి వచ్చాడు."

నాకు మా అమ్మాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గుర్తొచ్చింది. ఏ క్లాసు ఎక్కడ చదివిందో లెక్కేసి నాన్‌లోకల్ అన్నారు. ఆ రాత్రి అది అన్నం తినలేదు. మన దగ్గర లోకల్ అంటే స్టడీ సర్టిఫికెట్. ఇక్కడ మాత్రం తాత ఏ సంవత్సరం ఓడ దిగాడన్నది లెక్క. సంకెళ్లతో దిగినవాళ్ల మనవలు ఈ రోజు ఆ మాటని గర్వంగా చెప్పుకుంటున్నారంటే నాకు సంతోషంగానే ఉంది. కానీ ముందు సీట్లో కూర్చున్న ఈ కుర్రాడికి ఆ మాట దక్కలేదని బాధ కూడా వేసింది.

జైలు గేటు దగ్గర దిగి రెండొందలూ చేతిలో పెట్టాను. యాభై వెనక్కి ఇచ్చేశాడు.

"సోంపేట వెళ్తుంటావా?" అని అడిగాను.

"పండక్కి వెళ్తామండి. అక్కడ మమ్మల్ని అండమానోళ్లు అంటారు."