కలవాలన్న కోరిక, కలిపిన షరతులు

హన్మకొండలో గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలకు ఐరోపా చరిత్ర అంటే పేర్లు వల్లె వేయడమే: ఇటలీకి మాజిని, కవూర్, గారిబాల్డి, జర్మనీకి బిస్మార్క్. జాతీయవాదం ఆ దేశాలను ఏకం చేసిన మాట నిజమే గాని, కలవాలన్న కోరికను రగిలించిన వారు వేరు, ఏ షరతుల మీద కలవాలో తేల్చిన వారు వేరు అన్న సంగతి ఆ వల్లెవేతలో మరుగున పడిపోతోంది. నా దృష్టిలో అసలు పాఠం అక్కడే ఉంది.

మాజిని 1831లో ‘యువ ఇటలీ’ని స్థాపించినప్పుడు కోరుకున్నది ప్రజల గణతంత్రం, 1861 మార్చి 17న ప్రకటించింది మాత్రం ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ రాజవంశపు రాజ్యం. ఈ మధ్యలో పీడ్‌మాంట్ ప్రధాని కవూర్ 1858లో ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌తో రహస్యంగా మంతనాలు జరిపి ఆస్ట్రియాపై యుద్ధానికి ఫ్రాన్స్ సాయం సంపాదించగా, చివరకు 1860లో సవాయ్, నీస్ ప్రాంతాలు ఫ్రాన్స్ పరమయ్యాయి. నీస్ గారిబాల్డి పుట్టిన ఊరు. ఆ కోపం చల్లారకముందే ఆయన సుమారు వెయ్యి మంది వాలంటీర్లతో సిసిలీలో దిగి, నేపుల్స్ దాకా గెలిచి, గెలిచిందంతా పీడ్‌మాంట్ రాజు విక్టర్ ఇమ్మాన్యుయేల్ చేతిలో పెట్టాడు. అంతటి త్యాగం చరిత్రలో అరుదు.

ఆ అప్పగింతకు ముద్ర వేసిన 1860 అక్టోబరు ప్రజాభిప్రాయ సేకరణను కొంచెం దగ్గరగా చూడాలి. ఇటలీ ఒక్కటిగా, విక్టర్ ఇమ్మాన్యుయేల్ రాజుగా ఉండాలా అన్నదే ప్రశ్న. అవుననడమో కాదనడమో తప్ప మూడో దారి లేదు. ఓటు కూడా రహస్యం కాదు, అందరి కళ్లెదుటే వేయాలి. నేపుల్స్ ప్రాంతంలో 13 లక్షలకు పైగా అవునన్నారు, కాదన్నవారు 10 వేల పైచిలుకు. ఆ తర్వాత కొత్త రాజ్యాంగ సభ అంటూ ఏదీ కూర్చోలేదు. పీడ్‌మాంట్‌లో 1848లో వచ్చిన శాసనమే దేశమంతటికీ రాజ్యాంగమైంది. కొత్త దేశానికి తొలి రాజై ఉండి కూడా ఆయన తన పాత ‘రెండో’ విక్టర్ ఇమ్మాన్యుయేల్ అన్న వరుసనే ఉంచుకున్నాడు. దక్షిణాన తిరుగుబాట్లు చెలరేగగా 1863లో పీకా చట్టంతో సైనిక న్యాయస్థానాలు వచ్చాయి.

జర్మనీలో 1848లో కూర్చున్న ఫ్రాంక్‌ఫర్ట్ జాతీయ సభ మరుసటి ఏడు జర్మనీ కిరీటాన్ని ప్రష్యా రాజుకు ఇవ్వజూపితే ఆయన దాన్ని కాదన్నాడు. అంతకుముందే 1834 నాటి సుంకాల సమాఖ్య వ్యాపారాన్ని ఒక్కటి చేసింది. నిజాం హయాంలో సరిహద్దు దగ్గర కరోడ్‌గిరి (సరుకుల మీద సుంకం) కట్టిన పెద్దల మాటలు విన్నవారికి ఆ సౌకర్యం విలువ తేలికగానే తెలుస్తుంది. మిగతాది 1864, 1866, 1870 యుద్ధాలతో ప్రష్యా ప్రధాని బిస్మార్క్ పూర్తి చేశాడు. అయితే ఆయన దక్షిణ జర్మనీ రాజ్యమైన బవేరియాను కలుపుకున్నప్పుడు, దాని తపాలా, రైల్వేలు, శాంతికాలంలో సైన్యంపై అధికారం దానికే వదిలి, ఆ మినహాయింపులను 1871 రాజ్యాంగంలోనే రాయించాడు.

ఈ ఒక్క తేడాను తెలంగాణ వాళ్లం తేలిగ్గా తీసుకోలేం. తెలంగాణను ఆంధ్రతో కలిపే ముందు 1956 ఫిబ్రవరి 20న ఇరుప్రాంతాల నాయకుల మధ్య కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో ముల్కీ (స్థానికుల) ఉద్యోగాలకూ, తెలంగాణ మిగులు నిధులకూ హామీలున్నాయి గాని, అవి నాయకుల సంతకాలే తప్ప రాజ్యాంగ నిబంధనలు కావు. 1969లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు మొదట అడిగింది ఆ హామీల అమలునే. ప్రత్యేక రాష్ట్రమన్న డిమాండ్ ఆ తర్వాతే ఊపందుకుంది.