'ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్': సెకండ్ లైఫ్‌లో నా చేతికర్ర

సెకండ్ లైఫ్ పేరు చెబితే మనవాళ్ళలో చాలామంది "అదేంటి?" అంటారు. తెలిసిన కొద్దిమంది "అదెప్పుడో మూతపడింది కదా" అంటారు. పడలేదు. 2003 జూన్‌లో లిండెన్ ల్యాబ్ అనే అమెరికా కంపెనీ తెరిచిన ఆ ఆన్‌లైన్ ప్రపంచం ఇప్పటికీ నడుస్తోంది. గేమ్ అందామంటే అందులో గెలుపోటములు లేవు, లెవెల్స్ లేవు. మనకు బదులుగా తెర మీద తిరిగే బొమ్మ మనిషి, అంటే అవతార్ రూపంలో లోపలికి వెళ్తాం, తిరుగుతాం, కబుర్లు చెప్పుకుంటాం. అక్కడి ఇళ్ళు, చెట్లు, బట్టలు, బళ్ళు దాదాపు అన్నీ అక్కడ ఉండేవాళ్ళు చేసుకున్నవే.

నాకు రెటినైటిస్ పిగ్మెంటోజా. ఇంటర్‌లో రాత్రిచూపు తగ్గడంతో మొదలై, ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు మొత్తం పోయింది. బ్యాంకులో పనిచేస్తాను. కంప్యూటర్ మీద పనంతా ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తోనే, అంటే తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్‌తోనే. "బొమ్మలు చూడ్డానికి పోయే చోటది, మీకేం పనండీ అక్కడ?" అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నాకక్కడ పని ఉంది, ఎందుకంటే అక్కడి వస్తువులకు ప్రోగ్రామ్ రాయొచ్చు. తలుపు, గడియారం, కుక్కపిల్ల, ఏదైనా సరే, లోపల ఒక స్క్రిప్ట్ పెడితే చెప్పినట్టు నడుచుకుంటుంది. ఆ స్క్రిప్టుల భాష పేరు ఎల్ఎస్ఎల్. కోడ్ అంటే అక్షరాలే కదా, అక్షరాలతో నాకే ఇబ్బందీ లేదు.

ఇబ్బంది అంతా గుమ్మం దగ్గరే. ఆ ప్రపంచంలోకి వెళ్ళడానికి కంప్యూటర్‌లో వేసుకునే ప్రోగ్రామ్‌ను వ్యూయర్ అంటారు. సెకండ్ లైఫ్ సొంత వ్యూయర్ గానీ, ఎక్కువమంది వాడే ఫైర్‌స్టార్మ్ గానీ మెనూలు, బటన్లు అన్నీ తమకు తామే బొమ్మల్లా గీసుకుంటాయి. విండోస్‌కి అక్కడ బటన్ ఉన్నట్టే తెలియదు, ఇక ఎన్‌వీడీఏకి ఏం తెలుస్తుంది? విండో పేరు ఒకటి చదివి నోరు మూసుకుంటుంది. దారి చూపింది రాడెగాస్ట్. ఇది 3డి బొమ్మలతో పనిలేకుండా వాడుకోగలిగే తేలికపాటి ఉచిత ప్రోగ్రామ్. చాట్ ఒక పెట్టెలో వస్తుంది, ఫ్రెండ్స్ ఒక జాబితాలో ఉంటారు, మన సామానంతా ఫోల్డర్లలో ఉంటుంది, చుట్టుపక్కల వస్తువులు ఎంత దూరంలో ఉన్నాయో సహా ఇంకో జాబితాలో ఉంటాయి. ఒకదాన్ని ఎంచుకుంటే దానివైపు తిరగడానికి, దాని దగ్గరికి నడవడానికి, తాకడానికి, మీద కూర్చోడానికి బటన్లుంటాయి. అంతకుముందు నెవాడా విశ్వవిద్యాలయం, రెనో పరిశోధకులు టెక్స్ట్ఎస్ఎల్ అని ఇలాంటిదే ఒకటి చేశారు. అంటే ఈ దారిలో నడవాలనుకున్నవాణ్ణి నేనే మొదటివాణ్ణి కాదు.

అవతార్ తయారీలో మా మేనల్లుడు సాయం చేశాడు. హైదరాబాద్‌లో వాడి లాప్‌టాప్‌లో మామూలు వ్యూయర్, ఇక్కడ నా దగ్గర రాడెగాస్ట్, మధ్యలో ఫోన్. "మామయ్యా, నువ్వు గోడకేసి తిరిగి నిలబడ్డావు, కొంచెం వెనక్కి తిరుగు" అంటూ మొదలుపెట్టాం. బట్టల పేర్లు నేను చదువుతాను, వేసుకున్నాక ఎలా ఉందో వాడు చెబుతాడు. నలభైలు దాటిన మనిషిలా ఉండాలని, కాస్త పొట్ట కూడా పెట్టమని అన్నాను. "అక్కడ ఎవరూ పొట్ట పెట్టుకోరు మామయ్యా" అని నవ్వాడు గానీ పెట్టాడు. లాగిన్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. 2010 నుంచి డిస్‌ప్లే నేమ్ వేరేగా పెట్టుకోవచ్చు, అది ఏ లిపిలోనైనా సరే. నా పేరు తెలుగులో రాశాను. నాకు ఎన్‌వీడీఏ చక్కగా చదివి వినిపించింది. "నాకు మాత్రం వత్తులన్నీ పక్కకు జారి కనిపిస్తున్నాయి" అన్నాడు వాడు. కళ్ళున్నవాడికి ముక్కలైన పేరు నాకు నిక్షేపంలా వినపడుతోందంటే కాస్త గర్వమేసిన మాట నిజం.

అసలు విషయం ఇప్పుడు మొదలవుతుంది. బజార్లాంటి ఒక చోటికి వెళ్ళి వస్తువుల జాబితా తెరిచాను. ఎన్‌వీడీఏ చదివింది: "ఆబ్జెక్ట్, 3 మీటర్లు. ఆబ్జెక్ట్, 4 మీటర్లు. ఆబ్జెక్ట్, 4 మీటర్లు. ప్లాంట్. ఆబ్జెక్ట్." కారణం ఏమిటంటే, అక్కడ కొత్త వస్తువు ఏది చేసినా దానికి మొదట ఉండే పేరు 'ఆబ్జెక్ట్'. చేసినవాళ్ళు మార్చకపోతే అదే ఉండిపోతుంది. కంటికి కుర్చీ కుర్చీలాగే కనిపిస్తుంది కాబట్టి మార్చాలని ఎవరికీ తోచదు. నాకేమో ఊరంతా ఒకే పేరున్న మనుషుల రేషన్ రిజిస్టర్ చదువుతున్నట్టు ఉంది.

పైగా రాడెగాస్ట్ జాబితా దూరం చెబుతుంది గానీ ఎటువైపో చెప్పదు. ముందా, వెనకా? ఈ రెండింటికీ విరుగుడుగా ఒక స్క్రిప్ట్ రాయాలనుకున్నాను.

ఎల్ఎస్ఎల్ నేర్చుకోవడం ఊహించినంత కష్టం కాలేదు. కొత్త స్క్రిప్ట్ తెరవగానే అందులో "హలో, అవతార్!" అని ఇంగ్లీషులో పలికే నమూనా ఒకటి ఉంటుంది, తాకితే ఇంకో మాట అంటుంది. దాన్ని అటూ ఇటూ మార్చుకుంటూ పోవడమే పాఠం. చూపు లేనివాళ్ళకు కోడ్‌లో తలనొప్పి బ్రాకెట్లు, సెమీకోలన్లు. ఎన్‌వీడీఏలో విరామచిహ్నాల స్థాయిని 'అన్నీ'కి మారిస్తే ప్రతి చిన్న గుర్తునూ పలుకుతుంది. వినడానికి విసుగే, కానీ పని అవుతుంది. కోడ్‌ను మామూలు ఎడిటర్‌లో రాసుకుని రాడెగాస్ట్ లోపల అతికించి సేవ్ చేస్తాను. తప్పుంటే ఏ లైను, ఆ లైనులో ఎన్నో అక్షరం అన్నది అంకెల్లో చెబుతుంది. ఆ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, అంటే 11 అంటే పన్నెండో లైను. ఇది గుర్తుపెట్టుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

నా స్క్రిప్ట్ చేసే పని ఇది. అవతార్‌కు తగిలించిన చిన్న వస్తువులో అది ఉంటుంది. 7వ ఛానెల్‌లో, అంటే చుట్టూ ఉన్నవాళ్ళకు కనపడకుండా స్క్రిప్టుకు మాత్రమే అందే దారిలో, నేనో మాట టైప్ చేస్తే, చుట్టూ ఏమున్నాయో కనిపెట్టే సెన్సర్ వెతకడం మొదలుపెడుతుంది. సెన్సర్‌కు గరిష్ఠంగా 96 మీటర్ల దాకా చూసే శక్తి ఉంది, నేను 20 మీటర్లకే కట్టేశాను, లేకపోతే పక్క వీధి సామానంతా ఏకరువు పెడుతుంది. దొరికిన ప్రతి వస్తువు స్థానంలోంచి నా స్థానాన్ని తీసేసి, వచ్చిన తేడాను నేను తిరిగి ఉన్న దిశతో భాగిస్తుంది. ఇలా మూడంకెల్లో చెప్పే స్థానపు తేడాను వెక్టర్ అంటారు. వెక్టర్‌ను దిశతో భాగించడం ఎల్ఎస్ఎల్‌లో ఒక్క గీతతో అయిపోతుంది, ఇంత సుఖం వేరే భాషల్లో నేను చూడలేదు. ఆ భాగఫలంలో ఎక్స్ ప్లస్ అయితే వస్తువు ముందుంది, వై ప్లస్ అయితే ఎడమవైపుంది. దాన్నుంచి కోణం లెక్కగట్టి గడియారం ముల్లుగా మార్చాను. కర్రతో నడక నేర్పేటప్పుడు మాకు చెప్పేది ఆ పద్ధతిలోనే: "తలుపు రెండు గంటల దిక్కున, నాలుగు మీటర్లు." సమాధానం నాకొక్కడికే వచ్చేలా పెట్టాను. మామూలుగా పైకి చెప్పే ఆజ్ఞ వాడితే 20 మీటర్ల లోపు ఉన్నవాళ్ళందరికీ నా వస్తువుల జాబితా వినాల్సిన ఖర్మ.

సమాధానాలు తెలుగులో రావాలని పట్టుబట్టాను. ఇక్కడ ఒక తమాషా ఉంది. చాట్‌లో తెలుగు హాయిగా నడుస్తుంది, కానీ లెక్క అక్షరాల్లో కాదు, కంప్యూటర్ నిల్వను కొలిచే బైట్లలో. తెలుగులో ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ కూడా మూడేసి బైట్లు. స్క్రిప్ట్ చూపించే మెనూలో ఒక్కో బటన్ మీద 24 బైట్లకు మించి పట్టదు, అంటే ఎనిమిది గుర్తులు. 'వస్తువులు' రాస్తే 27 బైట్లు, ఎర్రర్ కొట్టింది. 'సామాను' అంటే 18, సరిపోయింది. 'ఎవరున్నారు' పట్టలేదు, 'మనుషులు' పట్టింది. ఇక వస్తువు పేరు తెలుగులో పెడదామంటే అసలు కుదరదు, అన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. అందుకే నా పరికరం పేరు ఇంగ్లీషులోనే ఉంది.

సెన్సర్‌తో మరో చిక్కు. అది వస్తువు మధ్య భాగాన్ని బట్టి దూరం కొలుస్తుంది. పెద్ద మేడ గోడకు ముక్కు ఆనించి నిలబడినా, మేడ పదిహేను మీటర్ల అవతల ఉందంటుంది. దీనికి మందు 'కాస్ట్ రే'. ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు కనపడని గీత గీసి, మధ్యలో ఏం తగిలిందో చెప్పే ఫంక్షన్ అది. అచ్చం చేతికర్ర. నడుము ఎత్తులో ముందుకు ఒక గీత, ఒక అడుగు ముందు నుంచి కిందకు ఇంకో గీత. ముందు గీతకు ఏదైనా తగిలితే "గోడ" అంటుంది, కింది గీతకు ఏమీ తగలకపోతే "దిగుడు" అంటుంది. సెకండ్ లైఫ్‌లో పడితే దెబ్బలేమీ తగలవు గానీ, చాలామంది ఇళ్ళు ఆకాశంలో కట్టుకుంటారు. ఎవరింటికో భోజనానికి పిలిస్తే వెళ్ళి, వరండా అంచు నుంచి వందల మీటర్లు కిందకు జారిపోవడం మర్యాదగా ఉండదు కదా. ఈ గీతలు సర్వర్‌కు భారం కాబట్టి ఎడాపెడా గీస్తే అది ఒప్పుకోదు. నేను నడుస్తున్నప్పుడు మాత్రమే, సెకనుకోసారి గీసేలా పెట్టాను.

దిక్కు తెలిసింది, గోడ తెలిసింది. పేర్ల సంగతి మిగిలింది. "ఆబ్జెక్ట్, రెండు గంటల దిక్కున" అంటే ఏం లాభం? మొదటి ఉపాయంగా, పేరు 'ఆబ్జెక్ట్' అయితే వివరణ గడిలో ఏముందో చదవమన్నాను. కొన్నిటికి అక్కడ ధర దొరికేది, చాలావాటికి ఏమీ దొరికేది కాదు. రెండో ఉపాయం, నాకు నేనే పేర్లు పెట్టుకోవడం. పక్కన చూపున్నవాళ్ళు ఉన్నప్పుడు అడిగి, ఆ వస్తువు గుర్తింపు సంఖ్యతో పాటు పేరును స్క్రిప్ట్‌లో దాచుకుంటాను. స్క్రిప్ట్ రీసెట్ అయినా చెరగని నిల్వ 128 కిలోబైట్లు ఉంటుంది, ఒక మనిషికి అది ఎక్కువే. మేనల్లుడు ఒక సాయంత్రం ఓపిగ్గా నాతో తిరిగి ఒక పార్కంతా పేర్లు చెప్పాడు. బెంచీ, బాతులు, పూలకుండీ, విరిగిన సైకిల్. కొన్నాళ్ళకు అదే పార్కుకు వెళ్తే సగం మళ్ళీ 'ఆబ్జెక్ట్' అయి కూర్చున్నాయి. యజమాని పార్కు సర్దుతూ వాటిని తన సామాన్లలోకి తీసుకుని మళ్ళీ బయట పెట్టాడు. అలా బయట పెట్టిన ప్రతిసారీ వస్తువుకు కొత్త గుర్తింపు సంఖ్య వస్తుంది. అప్పుడు నాకు స్పష్టంగా అర్థమైంది: ఈ జబ్బుకు మందు నా దగ్గర లేదు, కట్టినవాళ్ళ దగ్గరే ఉంది. నా కోడ్ ఎంత తెలివైనదైనా లేని పేరును చదవలేదు.

అప్పటి నుంచి స్క్రిప్ట్ రాయడంతో పాటు అర్జీలు రాయడం కూడా మొదలుపెట్టాను. మెసేజ్ పెడితే, అవతలి వాళ్ళు ఆఫ్‌లైన్‌లో ఉండి ఇన్‌బాక్స్ నిండిపోయి ఉంటే అందదు. నోట్‌కార్డ్ పంపడమే మేలు, అది అవతలి వాళ్ళ సామాన్లలోకి చేరే చిన్న చీటీ. నాలుగు లైన్లే: నేను చూపు లేనివాణ్ణి, మీ కొట్టుకు వచ్చాను, చొక్కాలన్నీ నాకు 'ఆబ్జెక్ట్' అని వినిపిస్తున్నాయి, వాటిని ఎడిట్ చేసి పేరు గడిలో రంగూ రకమూ రాస్తే నేను కొనుక్కోగలను. చివరి మాట ముఖ్యం. ఒక బట్టల కొట్టావిడ "ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇది అడగలేదు" అని జవాబిచ్చి, కొట్టు మొత్తం పేర్లు మార్చేసింది. మొదటి చొక్కా ఆవిడ దగ్గరే కొన్నాను. ముదురు ఆకుపచ్చది, పొట్ట మీద సరిపోయింది (మేనల్లుడి సర్టిఫికెట్).

మనుషుల విషయానికొస్తే, వర్చువల్ ఎబిలిటీ అనే లాభాపేక్ష లేని సంస్థ అక్కడ ఉంది. అంగవైకల్యం, దీర్ఘకాలిక జబ్బులు ఉన్నవాళ్ళు ఆ ప్రపంచంలో కుదురుకోవడానికి సాయం చేస్తుంది, సొంత ద్వీపం ఉంది. 2009లో లిండెన్ ల్యాబ్ తొలిసారి ఇచ్చిన లిండెన్ ప్రైజ్ అందుకున్నవాళ్ళలో ఈ సంస్థ ఒకటి. వాళ్ళ సభల్లో ఎవరైనా మైక్‌లో మాట్లాడితే దాన్ని టైప్ చేసి చాట్‌లో పెడతారు. 2007లో వాయిస్ వచ్చేదాకా సెకండ్ లైఫ్‌లో మాటలన్నీ టైపింగ్ మీదే నడిచేవి. వినికిడి లేనివాళ్ళకు ఆ రోజులే బాగుండి ఉంటాయి. నాకు సౌకర్యంగా ఉండేది ఇంకొకరికి గోడ కావచ్చన్న సంగతి నాకక్కడే తట్టింది. మనకున్న చిక్కు వేళలు. సెకండ్ లైఫ్ గడియారం అమెరికా పశ్చిమ తీరపు సమయంతో నడుస్తుంది, అక్కడి మధ్యాహ్నం 12 మనకు వేసవిలో రాత్రి 12:30, చలికాలంలో 1:30. మర్నాడు బ్యాంకులో ఆవలింతలు తప్పవు.

అవతార్ చేతిలో తెల్లకర్ర పెట్టాలా వద్దా అన్నది నేను చాలా ఆలోచించిన విషయం. అక్కడ ఎవరూ అడగరు, చెప్పకపోతే తెలియదు. పెట్టకుండా కొన్నాళ్ళు తిరిగాను. "అదిగో, అటు చూడు" అనే మాటలకు ప్రతిసారీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది. కర్ర పెట్టాక "ఇది రోల్‌ప్లేనా?", అంటే ఊరికే వేషమా, అని అడిగినవాళ్ళున్నారు. కాదని చెప్పగానే చాలామంది తమకు తామే చుట్టూ ఏముందో టైప్ చేయడం మొదలుపెడతారు. నాకు కర్రే నయమనిపించింది. ఇంకొకరికి అలా అనిపించకపోవచ్చు, అది వాళ్ళిష్టం.

పరికరాన్ని ఉచితంగా, ఎవరైనా విప్పి మార్చుకునేలా పూర్తి అనుమతులతో ఇస్తున్నాను. మెనూ మాటలన్నీ ఒక నోట్‌కార్డ్‌లోకి మార్చేశాను కాబట్టి, వేరే భాషవాళ్ళు కోడ్ ముట్టుకోకుండా తమ మాటలు రాసుకోవచ్చు. ఒకరు స్పానిష్‌లో చేసుకున్నారు. ఆయనకు 24 బైట్లలో ఎన్ని మాటలు పట్టాయో విని కుళ్ళుకున్నాను.

ఇప్పుడు నడుస్తున్న పంచాయితీ ఒక డాన్స్ హాల్‌తో. జంటగా ఆడాలంటే ఆడవాళ్ళు గులాబీ రంగు బంతి మీద, మగవాళ్ళు నీలం బంతి మీద క్లిక్ చేయాలి. రంగు తప్ప వేరే గుర్తు లేదు, రెండు బంతుల పేరూ ఒక చుక్కే. యజమానికి నోట్‌కార్డ్ పంపాను, జవాబు రాలేదు. ఈ వారం ఇంకోటి పంపుతున్నాను, ఈసారి రెండు బంతులకూ పెట్టాల్సిన పేర్లు నేనే రాసి మరీ.