పుస్తకం వెనక చీటీ

ఇంట్లో పుస్తకాలు చాలామందికి ఉంటాయి. ఆ బీరువాలో ఏమున్నాయో ఇంటివాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నా దగ్గరున్న పుస్తకాలు సాహిత్యం ఇష్టపడే నలుగురికీ అందాలన్న కోరిక మాత్రం నాకు మనం చదువుకున్న బడిలోనే, తెలుగు మాస్టారి బీరువా దగ్గర పుట్టింది.

అది బడి లైబ్రరీది కాదు. అన్నీ ఆయన సొంత పుస్తకాలు. పై అరల్లో కథలు, నవలలు, కింద ప్రబంధాలు, నిఘంటువులు. సాయంత్రం బెల్లు కొట్టాక కాసేపు తలుపులు తెరిచి కూర్చునేవారు. ఏ తరగతి పిల్లలైనా వెళ్లి తీసుకోవచ్చు. చేతులు శుభ్రంగా ఉండాలి, అంతే.

వెనక అట్ట లోపలి వైపు ప్రతి పుస్తకానికీ ఒక గీతల చీటీ అంటించి ఉండేది. తిరిగిచ్చేటప్పుడు దాని మీద పేరు, తేదీ, చదివిన దాని గురించి ఒక వాక్యం రాయాలి. ‘బాగుంది’ అని రాస్తే ఊరుకునేవారు కాదు. “ఏది బాగుందో చెప్పకపోతే నీ తర్వాత చదివేవాడికి ఏం లాభంరా?” అనేవారు. ఒక కథల సంపుటి వెనక, మాకంటే ముందు చదివి వెళ్లిపోయిన ఒక అక్క, “మూడో కథలో తల్లి చివరిదాకా ఒక్క మాటా మాట్లాడదు, చూడండి” అని రాసింది. అప్పటికే ఆ కథ చదివేశాను. చీటీ చూశాక మళ్లీ మొదటి నుంచి చదివాను. నిజమే, అందరూ ఆవిడ తరఫున మాట్లాడేవాళ్లే. కథలో చెప్పకుండా వదిలేసినది కూడా కథేనని నాకు తెలిసింది అప్పుడే. ఆ అక్కను నేను ఎన్నడూ చూడలేదు.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రాలు చాలా ఏళ్ల తర్వాత చదివాను. పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికే అంటుంది మొదటిది. నాకు బాగా దగ్గరైనది మూడోది: ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడు. ఆ పాఠకుడు ఎక్కడున్నాడో పుస్తకం సొంతదారుకి తెలియదు కదా. అందుకే జాబితా బయటికి వెళ్లాలి. ‘కావాలంటే వచ్చి చూసుకోండి’ అంటే మొహమాటంతో ఎవరూ రారు. జాబితా చేతిలో పెడితే ‘ఇది మీ దగ్గరుందా!’ అని ఫోన్ చేస్తారు.

జాబితా రాయడం అనుకున్నంత తేలిక కాదు. బార్‌కోడ్ స్కాన్ చేస్తే వివరాలన్నీ నింపేసే ఫోన్ యాప్‌లు ఉన్నాయి. కానీ ఆ బార్‌కోడ్‌లో ఉండే పుస్తక గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్, అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది 1970లో. మన పాత తెలుగు పుస్తకాలకు ఆ నంబరు ఎక్కడిది? అవన్నీ చేత్తో ఎక్కించుకోవాల్సిందే. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే, పెద్ద లైబ్రరీలు వాడే డ్యూయీ పద్ధతి ఇంటి బీరువాకు పనికిరాదు. అందులో తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికే వస్తుంది, అంటే నా పుస్తకాలు దాదాపు అన్నీ ఒకే అంకె కింద చేరతాయి. నేను ప్రక్రియల వారీగా విడదీసి, రచయిత ఇంటిపేరుతో అకారాది చేశాను. కలం పేరుతో రాసినవాళ్లకు రెండు చోట్లా నమోదు ఉండాలి. లేకపోతే వెతికేవాళ్లకు పుస్తకం ఉన్నా లేనట్టే.

అరువిచ్చిన పుస్తకం తిరిగి రాదేమోనన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. తేదీ, పేరు రాసుకుని, గడువు దాటాక ఒక్కసారి గుర్తుచేస్తే ఎక్కువ భాగం తిరిగి వస్తాయి. బీరువాలో కదలకుండా ఉన్న వాటికే నిజానికి ప్రమాదం ఎక్కువ. చెమ్మ తగిలిన చోట సిల్వర్‌ఫిష్ పురుగులు చేరి బైండింగులోని పిండి జిగురును తినేస్తాయి. చవక కాగితంలో మిగిలిపోయిన లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకు పసుపెక్కుతుంది. ఆమ్లం వల్ల పేజీ పెళుసై, మడత పెడితే విరుగుతుంది. నలుగురి చేతుల్లో తిరిగే పుస్తకానికి గాలి తగులుతుంది, చెద పట్టినా వెంటనే కంటబడుతుంది. చిరిగిన పేజీకి మాత్రం దయచేసి సెల్లోటేపు వేయకండి. జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక మిగులుతుంది. పలుచని కాగితం ముక్క, మైదా జిగురు చాలు.

ఒక పట్టింపు ఉంది. పుస్తకం ఇస్తాను కానీ, కాపీరైట్ తీరని పుస్తకాన్ని స్కాన్ చేసి పంపమంటే పంపను. రాసి బతికేవాళ్ల పొట్ట మీద కొట్టడం నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు మన బ్యాచ్‌వాళ్లే కొందరు నా పాఠకులు. వచ్చినప్పుడల్లా వెనక అట్ట తెరిచి, చీటీ చదివి మరీ తీసుకెళ్తారు. అవును, మాస్టారి పద్ధతే పెట్టాను. లెక్కలంటే ప్రాణం పెట్టిన మన క్లాస్‌మేట్ ఒకాయన ఒక పద్యకావ్యం తీసుకెళ్లి, చీటీ చాలక మరో కాగితం అంటించి తెచ్చాడు. ఒక పద్యంలో యతి ఎక్కడ పడిందో, అచ్చులో ఒక అక్షరం పోవడం వల్ల గణం ఎలా తప్పిందో చక్కగా రాశాడు. ఆ తప్పు ఇన్నేళ్లలో నా కంట పడలేదు. ఆ పుస్తకం ఇప్పుడు ఆయన కాగితంతో సహా తిరుగుతోంది.

ఈ సంచిక అందుకున్న మిత్రులు అడిగితే జాబితా పంపుతాను. నేనూ ఒకటి అడుగుతాను. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లు చించి బైండు చేయించిన సంపుటాలు మీ ఇళ్లలో అటకల మీద ఉండవచ్చు. వాటిలో పుస్తకంగా రానివి కూడా ఉంటాయి, కాగితాలవాడికి వేస్తే మళ్లీ దొరకవు. నా దగ్గరున్న వాటిలో కొన్నింటికి మధ్య వారాలు లేవు, రెండింటికి ముగింపే లేదు. మీ దగ్గర ఏమున్నాయో పేర్లు రాసి పంపండి, నా వాటితో సరిచూద్దాం.