డిసెంబరాలు మళ్లీ మా పెరట్లోకి వచ్చిన కథ

మా అవ్వ ఇంట్లో బావి గట్టు పక్కన డిసెంబరాల పొద ఉండేది. ధనుర్మాసం పట్టిందంటే తెల్లారేసరికి ఊదారంగు పూలతో నిండిపోయేది. ఆ పూలకు వాసన లేదు. అయినా మరువంతో కలిపి కడితే జడకు ఎంత నిండుగా ఉండేదో! మిగిలినవి గొబ్బెమ్మలకు. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టినప్పుడు పెరడంతా సిమెంటు చేయించారు, పొద పోయింది. కోవూరులో మేం ఇల్లు కట్టుకునేటప్పుడు ప్రహరీ వెంట మూడడుగుల మట్టి వదలాలని నేను పట్టుబట్టింది ఆ మొక్క కోసమే.

2022 వానాకాలంలో కాలవ కట్ట మీద ఊదాపూల మొక్క ఒకటి కనబడింది. ఆకులు ఎదురెదురుగా జంటలు జంటలుగా ఉన్నాయి, పువ్వు గరాటా లాగా ఉంది. ఇదేననుకుని తవ్వి తెచ్చుకున్నా. తవ్వుతుంటే వేళ్లకు సన్నటి దుంపలు తగిలాయి. అక్కడే ఆగి ఆలోచించాల్సింది. డిసెంబరానికి దుంప ఉండదు, మొదలు కట్టెలాగా గట్టిపడుతుంది. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

సెప్టెంబరులోనే పూసింది. ఇంత తొందరగానా అని సంబరపడ్డా. కానీ పొద్దున విచ్చిన పువ్వు మధ్యాహ్నానికి రాలిపోయేది. ఒకరోజు పక్కింటి పిల్లోడు ఎండిన కాయ ఒకటి తుంచి, "పెద్దమ్మా, ఇది చిటపటకాయల చెట్టు, చూడు" అని గ్లాసు నీళ్లలో వేశాడు. కాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి టప్పుమని కాయ రెండుగా చీలి, విత్తులు గ్లాసు అంచుకు కొట్టుకున్నాయి. తడిసిన ఒక్కో విత్తు చుట్టూ సబ్జా గింజకు పట్టినట్టు జిగురు పట్టింది. రుయెల్లియా ట్యూబరోసా అంటారు దాన్ని. అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాల నుంచి వచ్చి మన కాలవ గట్లన్నీ అల్లుకుంది. అదీ, డిసెంబరమూ, అడ్డసరమూ అన్నీ అకాంథేసి కుటుంబమే. పోలికలు కలిశాయంటే అందుకే.

ఆ సంక్రాంతికి కావలిలో మా మేనత్త ఇంటికి వెళ్తే అక్కడ అసలు పొద నిండా పూలతో ఉంది. నా కథ చెప్పా. "పువ్వునేం చూస్తావే, పువ్వు కింద చూడు" అని ఒక రెబ్బ తుంచి చేతిలో పెట్టింది.

పువ్వు లాగేసి చూశా. అడుగున రెండు వెడల్పాటి రేకులు, చిన్న ఆకుల్లాగా ఉన్నాయి. అంచంతా రంపపు పళ్లు, ఒక్కో పన్ను చివర మెత్తటి ముల్లు. వేలు పెట్టి రాస్తే గరగరమంది. ఎండిపోయిన రేకును వెలుతురుకు ఎత్తి పడితే ఈనెలు వలలాగా కనబడ్డాయి. ఆ రెండిటి మధ్య ఇంకో రెండు సన్నటివి దాక్కుని ఉన్నాయి. మొత్తం నాలుగు. చిటపట మొక్కకైతే దారాల్లాంటివి అయిదుంటాయి. డిసెంబరం శాస్త్రీయ నామం బార్లేరియా క్రిస్టాటా, అందులో క్రిస్టాటా అంటే తురాయి ఉన్నది అని అర్థం. పచ్చగా పూసే ముళ్లగోరింట దీని అక్కచెల్లెలే, అయితే దానికి ఆకు మొదట్లోనే గట్టి ముళ్లుంటాయి. డిసెంబరానికి కొమ్మ మీద ముల్లనేది ఉండదు. ఈ రెండు గుర్తులూ మనసులో ఉంటే పువ్వు రంగు ఇక మోసం చెయ్యలేదు.

అత్త దగ్గర పెన్సిలంత లావు కొమ్మలు పది కోసుకొచ్చా, ఒక్కోటి జానెడు. కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలోకి పోయేట్టు గుచ్చా. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టి. నీడన పెట్టి, తడి ఆరకుండా, నీళ్లు నిలవకుండా చూసుకున్నా. మూడు వారాలకు ఆరు చిగురేశాయి. నాలుగు కుళ్లాయి, అవి నేను నీళ్లు ఎక్కువ పోసిన కుండీలోవి.

ఎండాకాలం మాత్రం దిగులు పడ్డా. రోహిణి కార్తెలో మా నెల్లూరు ఎండ తెలిసిందే. ఆకులు వేలాడిపోయేవి, సాయంత్రం చెంబెడు నీళ్లు పోస్తే తెల్లారేసరికి నిక్కబొడుచుకునేవి. ఒక్కటీ చావలేదు. వానలు పడ్డాక నేలలో నాటా. గుబురుగా రావాలని ఆగస్టు దాకా చివుళ్లు తుంచుతూ వచ్చి ఆపేశా. ఆ తర్వాత తుంచితే మొగ్గ వచ్చే కొసలే పోతాయి. మధ్యలో పిండినల్లి పడితే సబ్బునీళ్లతో కడిగితే సరిపోయింది.

2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుపాను. రెండు రోజులు కుండపోత, ఒకటే ఈదురుగాలి. ప్రహరీ పక్కన మడమ లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక చూస్తే పొదలు పక్కకు ఒరిగి ఉన్నాయే గాని వేరు కదల్లేదు. ఒక కొమ్మ కొసన గరుకు రేకుల మధ్య నుంచి ఊదా మొగ్గ మొన బయటికి వచ్చి ఉంది. వేలితో అంచు తడిమి చూశా. పళ్లు తగిలాయి. అప్పటికి గానీ నాకు నమ్మకం కుదరలేదు.

ఆ ధనుర్మాసం నెలంతా పూసింది. మా అమ్మాయి జడకు మరువంతో కలిపి కట్టా, కనుమ దాకా గొబ్బెమ్మలకు కొదవ లేదు. పూలు తగ్గాక ఫిబ్రవరిలో అడుగెత్తుకు కత్తిరించేశా. కోసిన కొమ్మల్లో మంచివి ఏరి, జానెడు ముక్కలు చేసి, తడిగుడ్డలో చుట్టి పక్కింటి పిల్లోడి చేత వాళ్లమ్మకు పంపించా.