పన్నెండు వోల్టుల అబద్ధం

పొద్దున్నే మా వీధి కిరాణా కొట్టు బాబాయి సీసీ కెమెరాల అడాప్టర్ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. పగలంతా బాగానే ఉంటుందట, చీకటి పడితే కెమెరాలు ఆగిపోతాయట. మల్టీమీటర్ పెడితే 12.1 వోల్టులు. నిండు ఆరోగ్యం! లోడు, అంటే కరెంటు లాగే వస్తువు, లేనప్పుడు కనిపించే వోల్టేజీని నమ్మడం, పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు నెమ్మదిని నమ్మడం లాంటిదే. రాత్రయితే కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. బండారం అప్పుడు బయటపడుతుంది.

అలా ఎక్కువ కరెంటు లాగి చూద్దామని అటక మీంచి పాత కారు హెడ్‌లైట్ బల్బు దింపాను, 55 వాట్లది. తగిలించగానే అడాప్టర్ టిక్కు టిక్కుమంటూ ఆగుతూ, మళ్లీ మొదలవుతూ మొరాయించింది. పాపం, అందులో దాని తప్పేమీ లేదు. చల్లని ఫిలమెంటు నిరోధం వేడి ఫిలమెంటుదానిలో పదో వంతో ఏమో ఉంటుంది. ఆ మొదటి క్షణంలో కొత్త అడాప్టరైనా షార్టయిందనే అనుకుంటుంది.

చివరికి కోఠి గుజరాతీ గల్లీలో ఎప్పుడో కొన్న 10 ఓమ్‌ల రెసిస్టర్లు నాలుగు తీశాను. వేడి ఎక్కడికైనా పోవాలి కదా, వంటింట్లోంచి అట్ల పెనం తెచ్చి దాని మీద పేర్చాను. రెండింటిని సమాంతరంగా కలిపితే 11.8. నాలుగోది కూడా కలపగానే 9.3కి జారింది. విప్పి చూస్తే అవుట్‌పుట్ వైపు కెపాసిటర్లు రెండు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి, అంటే పాడైనట్టే. మార్చాక నాలుగింటితోనూ 11.9 దగ్గర నిలబడింది.

పని అయింది గానీ, రెసిస్టర్లతో వచ్చే కరెంటు మెట్లు మెట్లుగా ఉంటుంది. ఏ ఆంపియర్ దగ్గర కూలుతుందో తెలియాలంటే నాబ్ తిప్పుతూ మెల్లగా పెంచే ఎలక్ట్రానిక్ లోడ్ కావాలి. సాయంత్రమంతా కొనడానికి అలాంటి లోడ్లను చూస్తూ కూర్చున్నాను. ఒకదాని మీద 200 వోల్టులు, 20 ఆంపియర్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. 150 వాట్లు అన్నది మాత్రం చీమ తలకాయంత. అసలు మాట ఆ చిన్నదే: వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే ఆ 150 దాటకూడదు. 20 ఆంపియర్లు 7.5 వోల్టుల వరకే, 200 వోల్టుల దగ్గర ముప్పాతిక ఆంపియరే. పైగా లోపల ఆ వేడంతా మోసే ట్రాన్సిస్టర్, అదే మాస్‌ఫెట్, ఒక్కటే అయితే నేను సగానికి మించి నడపను. నాకు వచ్చేవన్నీ 12 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్లే, అంటే 60 వాట్లు. 400 వాట్ల పెట్టె మీద మనసు పడింది కానీ జేబు ఒప్పుకోలేదు. ఈ 150దే ఆర్డర్ పెట్టాను, వోల్టేజీ కొలవడానికి విడిగా రెండు తీగలు పెట్టుకునే వీలుందని చూసుకుని మరీ. లేకపోతే సన్న తీగల్లో 0.1 ఓమ్ ఉన్నా 5 ఆంపియర్లకు అర వోల్టు మాయమవుతుంది. ఆ నింద అడాప్టర్ మీద పడుతుంది.

పెనం ఇంకా నా బల్ల మీదే ఉంది, నాలుగు మచ్చలతో. రేపు పొద్దున దోసెలని అమ్మ ఇప్పుడే చెప్పి వెళ్లింది.