గోటితో ఒలిచిన గింజలు

సంక్రాంతి వెళ్లాక మా అమ్మ కుడి బొటనవేలి గోరు పసుపు రంగు తేలి, అంచున చీలిపోయింది. భద్రాచలం రాములవారి కల్యాణానికి గోటి తలంబ్రాలు ఒలవడం మా కోరుకొండ వైపు ఊళ్లలో కొన్నేళ్లుగా సాగుతున్న సేవ. ఆ వడ్లు దంచకూడదు, మర పట్టించకూడదు. గింజని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, పొట్టు అతుక్కున్న చోట గోరుతో నొక్కాలి. టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. నొక్కు కాస్త ఎక్కువైతే బియ్యపు గింజ రెండు ముక్కలైపోతుంది, ఇక తలంబ్రాలకు పనికిరాదు. అక్షతలంటేనే విరగనివి కదా. అలా విరిగినవాటిని అమ్మ పారెయ్యదు, ఒక స్టీలు గిన్నెలో వేసి దాస్తుంది. ఎందుకని ఈసారి నేను అడగలేదు.

నవమికి ముందు ఆ గింజలు తీసుకుని ఇద్దరం భద్రాచలం బయల్దేరాం. కానీ నా మనసులో ఈ యాత్ర మొదలైంది అంతకు మూడు నెలల ముందు, గోల్కొండలో.

హైదరాబాద్‌లో అక్క వాళ్లింటికి వెళ్లినప్పుడు అమ్మ "రామదాసు జైలు చూపించరా" అంది. మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కింది. లోపల చీకటి, తేమ వాసన. పైకప్పులోంచి పడే కాస్త వెలుతురు. గోడమీద రామదాసు చెక్కాడని చెప్పే బొమ్మలకు దణ్ణం పెట్టుకుని అమ్మ అంది, "పన్నెండేళ్లు నాన్నా. పోయిన జన్మలో ఒక చిలకని పన్నెండు రోజులు పంజరంలో పెట్టాడట. ఆ పాపానికి."

ఆ కథ చిన్నప్పట్నుంచీ విన్నదే. కానీ ఆ రోజు నాకు ఒళ్లు మండింది.

"మరి నాన్న ఏ చిలకని పెట్టారమ్మా?"

అమ్మ మాట్లాడలేదు.

మా నాన్న ఒక స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టారు. ఆ స్నేహితుడు వ్యాపారం మూసేసి, రాత్రికి రాత్రి ఊరు వదిలి వెళ్లిపోయాడు. నాన్న పదకొండేళ్లు ఆ అప్పు కట్టారు. రెండెకరాల పొలం పోయింది. అక్క చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. కాగితం మీద సంతకం నాన్నది ఒక్కరిదే, కట్టింది మాత్రం ఇంటిల్లిపాదీ. చివరి వాయిదా కట్టిన ఏడాదికే నాన్న పోయారు. ఇదంతా పోయిన జన్మ లెక్క అంటే నేను ఒప్పుకోలేను. ఆ లెక్క ఒప్పుకుంటే, ఆ రాత్రి సామాను సర్దుకుని వెళ్లిపోయిన మనిషి ఏ తప్పూ చెయ్యనట్టే.

రామదాసు కథలో కూడా నాకు మనుషులు చేసిన పనులే కనిపిస్తాయి. నేలకొండపల్లి కంచర్ల గోపన్న, మేనమామలు అక్కన్న మాదన్నల పలుకుబడితో పాల్వంచ పరగణాకి తహసీల్దారు అయ్యాడు. గుడి కోసం చందాలు పోగుచేశాడు, చాలక ఖజానాకి చేరాల్సిన శిస్తు సొమ్ము కూడా వాడాడని చెబుతారు. ఆరు లక్షలని జనం నోట లెక్క. ఆ సొమ్ము నిజానికి గోల్కొండని ఏలే తానీషాది కూడా కాదు, వాన కోసం ఆకాశం కేసి చూసిన రైతులది. రామదాసు మీద నాకున్న భక్తి తక్కువేం కాదు, అయినా ఈ మాట అనకుండా ఉండలేను. తానీషా పన్నెండేళ్లు జైల్లో పెట్టాడు. రామలక్ష్మణులు రాత్రివేళ వచ్చి బాకీ తీర్చారన్నది మన నమ్మకం. ఆ తర్వాత రామదాసుని విడిచిపెట్టి, కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం మొదలుపెట్టింది కూడా తానీషాయే అంటారు. జైలు తలుపు వేయించిన చెయ్యీ, ముత్యాలు పంపిన చెయ్యీ ఒక్కటే.

1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు గోల్కొండని ముట్టడించింది. ఫిరంగులకు లొంగని కోట ఒక్క మనిషి ఆశకి లొంగింది. అబ్దుల్లా ఖాన్ అనే సర్దారు లంచానికి కక్కుర్తిపడి రాత్రివేళ కోట తలుపు తీయించాడు. అబ్దుర్ రజాక్ లారీ అనే మరో సర్దారు మాత్రం ఒళ్లంతా గాయాలైనా నవాబు కోసం పోరాడుతూనే ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఉప్పు తిన్నవాళ్లు. అక్కన్న మాదన్నలు అంతకు ముందే కుట్రలో హత్యకు గురయ్యారు. తానీషాని దౌలతాబాద్ కోటలో బంధించారు. ఆయన కూడా పన్నెండేళ్ల పాటు బందీగా ఉండి అక్కడే పోయాడు.

"చూశావా, రామదాసుని పెట్టిన పన్నెండేళ్లూ తనూ అనుభవించాడు" అంటారు కొందరు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తానీషాని జైల్లో పెట్టింది రామదాసు ఉసురు కాదు, ఔరంగజేబు రాజ్యకాంక్ష, ఒక సర్దారు అమ్ముడుపోవడం. ఆ తలుపు తీసినందుకు నష్టపోయింది నవాబు ఒక్కడేనా? ఒక రాజ్యం రాజ్యమే పోయింది.

భద్రాచలానికి మారేడుమిల్లి ఘాట్ మీదుగా వెళ్లాం. మలుపుల్లో కళ్లు తిరుగుతున్నా అమ్మ ఒళ్లో సంచీ వదల్లేదు. చింతూరు దాటాక నిద్రపోయింది, నిద్రలోనూ సంచీ మూతి పట్టుకునే ఉంది.

దర్శనం బాగా జరిగింది. సీతమ్మని ఎడమ తొడమీద కూర్చోబెట్టుకుని, నాలుగు చేతులతో ఉన్న రామయ్య. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడ గొంతు పట్టేస్తుంది. గోటి తలంబ్రాలు అప్పజెప్పాక రామదాసు చేయించిన నగల దగ్గరకి వెళ్లాం. సీతమ్మ చింతాకు పతకం దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. వెనకాల జనం తోస్తున్నారు.

"ఇది చేసిన కంసాలి ఎవరో?" అంది.

నేనెప్పుడూ ఆలోచించలేదు. చేయించినవాడి పేరు తెలుసు, చేసినవాడి పేరు ఎక్కడా లేదు. అతనికి కూలి ముట్టిందో లేదో.

బయటికొచ్చాక పోకల దమ్మక్క గురించి చెప్పుకున్నాం. గోపన్న కంటే ముందే పుట్టలో విగ్రహాలు చూసి, తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిన గిరిజన స్త్రీ. ఆమె దగ్గర లక్షల్లేవు. ఎవరి సొమ్మూ తియ్యలేదు, ఎవరికీ బాకీ పడలేదు. ఈ గుడి కథలో నేను ముందు దణ్ణం పెట్టేది ఆమెకే.

సాయంత్రం గోదావరి ఒడ్డున మెట్లమీద కూర్చున్నాం. నీళ్లు బాగా తగ్గి, ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి. అమ్మ ఉన్నట్టుండి అంది, "మీ నాన్న ఎప్పుడూ ఆయన్ని తిట్టలేదురా. సంతకం పెట్టింది నేను కదా అనేవారు."

"నువ్వు?"

"నేను తిట్టాను. మీ అక్క పుస్తకాలు అటకెక్కించిన రోజు బాగా తిట్టాను."

మరి చిలక కథ ఎందుకు చెప్పావని అడిగాను. కాసేపు గోరు చూసుకుంటూ ఉండిపోయింది.

"ఏదో ఒకటి అనుకోకపోతే ఆ పదకొండేళ్లు ఎలా గడుస్తాయి నాన్నా."

తర్వాత కొంగు ముడి విప్పింది. స్టీలు గిన్నెలో దాచిన విరిగిన గింజలు, ఇంటి దగ్గర్నుంచి మూటగట్టి తెచ్చిందన్నమాట. మెట్టుమీద ఒక వారగా పోసి, చేత్తో పలచగా నెరిపింది. ఇద్దరం నాలుగు మెట్లు పైకి జరిగి కూర్చున్నాం. ముందు ఒక పావురం వచ్చింది, తర్వాత ఇంకో మూడు. చిలకలేమైనా వస్తాయేమోనని అమ్మ చీకటి పడేదాకా చూసింది.