కిటికీ దిగితే వినిపించే పాట

న్యూజెర్సీలో మన కారుకి మనం పెట్రోలు కొట్టుకోకూడదు. 1949 నుంచీ చట్టం అదే. ఆ చట్టం పుణ్యమా అని అమెరికాలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. అక్క స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డు వచ్చేసరికి నాకు 44 ఏళ్లు. తెనాలిలో రాసిన పద్దులు ఇక్కడెవరికి కావాలి? 2005 ఏప్రిల్‌లో ఎడిసన్ దగ్గర, రూట్ 27 మీద, ఒక పంజాబీ పెద్దాయన బంకులో చేరాను.

కారు ఆగుతుంది, కిటికీ దిగుతుంది. మనిషి మాటకంటే ముందు పాట బయటికొస్తుంది. నెల తిరక్కుండానే ఏ పాటవాళ్లు ఎంత కొట్టించుకుంటారో నాకు పట్టుబడింది. దడదడలాడే పాటలైతే పది డాలర్లు, అదీ సీటు కింద చిల్లర ఏరి. నిచ్చెన కట్టిన వ్యాన్లో పాత పాటలు వస్తున్నాయంటే ట్యాంకు నిండా. మంచు పడే రోజైతే నా చేతిలో ఇంకో డాలరు.

ఆ పాత పాటల స్టేషను 101.1, డబ్ల్యూసీబీఎస్ ఎఫ్ఎం. 1972 నుంచీ దాని పని అదే. పాటలు నాకొక్కటీ తెలియవు. అనౌన్సర్ గొంతులో తీరుబడి మాత్రం బాగా తెలుసు. మా నాన్న పడక్కుర్చీలో కళ్లు మూసుకుని వినే వివిధ భారతి జనరంజనిలో ఉండేదే అది.

జూన్ 3, శుక్రవారం సాయంత్రం. రోజూ వచ్చే ఎలక్ట్రీషియన్ వ్యాన్ ఆపి, రేడియో మీద అరచేత్తో కొడుతున్నాడు. పాడైందనుకున్నాడు పాపం. ఐదింటికి ఆ స్టేషను ‘జాక్’ అనే కొత్త అవతారం ఎత్తింది. అనౌన్సర్లు లేరు, పాటలకు వరసా వావీ లేదు.

తర్వాతి వారం ఆయనే విడమర్చి చెప్పాడు. "యాడ్స్ ఇచ్చేవాళ్లు కొనేది 25 నుంచి 54 ఏళ్ల చెవుల్నే. నాకు 61. వాళ్ల లెక్కలో నేను పోయినట్టే." అలా అంటూనే వంద నోటు తీశాడు. రెండిళ్ల వైరింగ్ ఒప్పుకున్నాడట, కొత్త వ్యాన్ చూస్తున్నాడట. పెద్దవాళ్లు సబ్బు మార్చరు, కారు కంపెనీ మార్చరు, వాళ్లకు చెప్పి ఏం లాభం అన్నది ఆ లెక్క వెనకున్న నమ్మకం. మా నాన్న డెబ్భై దాటాక నాలుగు కంపెనీల టీపొడి మార్చాడు. అంకెలు వేసేవాళ్లు ఎప్పుడైనా పంపు దగ్గర నిలబడ్డారా అని నా అనుమానం.

జాక్ రెండేళ్లు నడిచింది. 2007 జులై 12న, మధ్యాహ్నం ఒంటిగంటా ఒక నిమిషానికి, పాత పేరు తిరిగొచ్చింది. ఆ సాయంత్రం మా ఎలక్ట్రీషియన్ హారన్ మోగించుకుంటూ వచ్చాడు. రెండు వారాలకే ముఖం వేలాడేశాడు. వచ్చిన పాటలు ఎక్కువగా అరవైలు, డెబ్భైలు, ఎనభైలవి. ఆయన కుర్రతనంలోని యాభైలు దాదాపు మాయం. 25–54 గీత అక్కడే ఉంది, ఆ వయసువాళ్ల కుర్రతనానికి సరిపడేలా పాటల్ని జరిపారు. ఏళ్లు గడిచేకొద్దీ అరవైలూ తగ్గిపోయాయి.

ఆయన శాటిలైట్ రేడియో పెట్టించుకున్నాడు. పాత స్టేషన్లో ఆయనకిష్టమైన అనౌన్సర్ ‘కజిన్ బ్రూసీ’, అసలు పేరు బ్రూస్ మారో, 2005లోనే అటు వెళ్లిపోయాడు. అలా, అమ్ముడుపోని శ్రోత అని వదిలేసిన మనిషి పాటల కోసం నెలనెలా జేబులోంచి డబ్బు కట్టాడు.

ఇప్పుడు నేను పంపు దగ్గర లేను, లోపల క్యాష్ కౌంటర్లో. 54 దాటి చాలా కాలమైంది. మొన్న కుర్రాడు రాక నేనే బయటికెళ్లి గొట్టం పట్టుకున్నాను. నలభై దాటిన ఒకాయన, వెనక సీట్లో పిల్లల కుర్చీలు. కిటికీ దిగింది. నేను చేరిన కొత్తలో పది డాలర్ల కార్లలో దడదడలాడిన పాటే.

"సౌండ్ తగ్గించనా? పాత పాట, అలవాటు" అన్నాడు మొహమాటంగా.

ట్యాంకు నిండా కొట్టించుకున్నాడు.